బ్రేకు తొక్కితే కరెంటు

పెట్రోలు లీటరు నూరు దాటిన కొత్తల్లో మా సీమ జనం బంకు బోర్డును దొంగను చూసినట్టు చూసేవాళ్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే కార్లు అమ్మే ఉద్యోగంలో చేరిన తెలివైనదాన్ని నేను. కమలాపురం నుంచి బీకాం పట్టా పట్టుకుని వచ్చి కర్నూలు హైవే పక్కన ఒక షోరూములో కుదిరాను. కుదిరాను అంటే పూర్తిగా కాదు, ఆరు నెలలు చూసి చెప్తామన్నారు. ఐదు నెలలైనా నా చేతి మీదుగా ఒక్క బండీ పోలేదు. (మా అమ్మ శుక్రవారం శుక్రవారం నా కోసం ఉపవాస ప్రార్థన చేసేది. ఆమె చిక్కిపోయింది గానీ బండి కదల్లేదు.) "ఈ నెల ఒక్కటన్నా పోకపోతే నువ్వు పోవాల్సి వస్తుందమ్మా" అని మేనేజరు సారు నవ్వుతూనే చెప్పాడు. నా కష్టం అంతటితో ఆగలేదు. నాకు కారు నడపడం రాదు! ఇంటర్వ్యూలో వచ్చా అని అడిగితే తల ఊపాను. అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో వాళ్లు సరిగ్గా చూసుకోలేదు.

మా దగ్గర పెద్ద బండికి ఉండే మర్యాదే వేరు. తెల్లటి ఎనిమిది సీట్ల బండి వచ్చి ఆగితే అరుగు మీద వాళ్లు దిగింది ఎవరో చూడకుండానే లేచి నిలబడేవాళ్లు. డీజిలు కూడా మండిపోయేసరికి ఆ బండ్లన్నీ మా యార్డులో దుమ్ము కొట్టుకుపోతూ నిలబడ్డాయి. వచ్చినవాళ్లు వాటిని ఎద్దుల్ని నిమిరినట్టు నిమిరి, నిట్టూర్చి, "అదేందో బ్యాటరీ, పెట్రోలు రెండూ ఉంటాయంట గదా, అది చూపీ" అనేవాళ్లు. ఆ హైబ్రిడ్ గురించి నాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. నేను దాన్ని బైబిలు వాక్యాలు కంఠస్థం చేసినట్టు చేశాను.

అప్పుడొచ్చాడు ఆలూరు నుంచి ఉల్లిగడ్డలు పండించే పెద్దాయన, భార్యను వెంటబెట్టుకుని. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచాను. ఆయనకు సొంత పొలం, ఒక పాత పెద్ద బండి, చర్చిలో సంఘ పెద్ద అన్న పేరు ఉన్నాయి. పెద్ద బండికి టార్పాలిన్ కప్పి నెల రోజులైందట. అయినా ఆయన కన్ను యార్డు మీదే ఉంది.

"చిన్న బండ్లో దిగితే నన్ను చూసి యెవరు లేస్తారు పాపా?" అన్నాడు.

"వాళ్లు లేసేది నీకు గాదులే, బండికి" అంది పెద్దమ్మ. "డీజిలు పోసి కొనుక్కునే మర్యాద మనకొద్దు."

నేను సందు చూసి దూరాను. "దీంట్లో బ్రేకు తొక్కితే చాలు సార్, కరెంటు దానంతట అదే పుడుతుంది. పైసా ఖర్చు లేదు!"

"ఉత్తగానేనా?" ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"ఉత్తగానే సార్."

అక్కడే కొంప మునిగింది. ఓర్వకల్లు దాకా పోయి వద్దామని స్టీరింగు పట్టిన మనిషి, ఊరు దాటగానే బ్రేకు తొక్కడం మొదలుపెట్టాడు. ఉత్తగా వచ్చే కరెంటును ఏ రైతు వదులుకుంటాడు చెప్పండి? నాలుగు బారలు పోవడం, తొక్కడం. మళ్లీ పోవడం, మళ్లీ తొక్కడం. తొక్కినప్పుడల్లా వెనక సీట్లో పెద్దమ్మ "ప్రభువా!" అనేది. వెనక లారీవాడు మా మూడు తరాలనూ తిట్టి దాటిపోయాడు. "ఇంగా ఎంత పుట్టింది పాపా?" అని ఆయన ఉత్సాహంగా అడుగుతుంటే, మైలేజీ చూపించే అంకె నా కళ్లముందే దిగిపోతోంది. పాత పెద్ద బండే నయం అనిపించేటట్టు దిగిపోయింది.

రాళ్ల గుట్టల దగ్గర పెద్దమ్మ తలుపు తీసుకుని దిగేసింది. "నేను బస్సుకొస్తా. మీరు కరెంటు పుట్టిచ్చుకుంటా రాండి" అని ఒక బండరాయి మీద కూర్చుంది.

నా ఉద్యోగం ఆ రాయి మీద కూర్చున్నట్టే అనిపించింది. ఏడుపు ఆగలేదు. "పెద్దమ్మా, నాకు కారు తోలను రాదు. శిక్షణలో చెప్పింది అప్పజెప్తాండా. ఈ నెల బండి పోకపోతే నన్ను ఇంటికి పంపిచ్చేస్తారు" అని ఉన్నదంతా కక్కేశాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "సరే, అప్పజెప్పింది గాక నీకు నిజ్జంగా తెలిసిందేందో చెప్పు."

"వాలు వచ్చినప్పుడు కాలు తీసేస్తే చాలని రాసి ఉండాది పెద్దమ్మా. బ్రేకు అవసరమైనప్పుడే, అదీ మెల్లగా."

పెద్దమ్మ లేచి మళ్లీ బండెక్కి, వాలు రాగానే కేకేసింది. "యోవ్, ఇన్యావా? కాలు తీయ్!"

ఆయన తీశాడు. వాలులో ఇంజను ఆగిపోయింది, బండి మాత్రం చప్పుడు లేకుండా పోతూనే ఉంది. అంకె మెల్లగా పైకి ఎక్కింది. "పెట్రోలు తాగకుండానే పోతాండాదే!" అన్నాడు పెద్దాయన, పసిపిల్లాడి గొంతుతో. నాకు ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

షోరూముకు తిరిగొచ్చాక బండి కొంటామని చెప్పి పెద్దమ్మ ఒకే ఒక షరతు పెట్టింది. "బండి ఆలూరికి నువ్వే తోలుకోని రావల్ల పాపా. పది దినాలు టైమిస్తాండా. వేరేవోళ్లు తెస్తే తీసుకోము."

ఆ పది రోజులూ తెల్లారకముందే లేచి డ్రైవింగు స్కూలు మాస్టారు ప్రాణం తీశాను. (లైసెన్సు కాగితం చేతిలో లేనందున మాస్టారు పక్కన కూర్చోవాల్సి వచ్చింది. పాపం, ఆలూరు దాకా కళ్లు మూసుకోలేదు.) దారిలో ట్రాక్టర్లు దాటిపోయాయి, గొర్రెల మంద దాటిపోయింది, ఒక ముసలాయన సైకిలు మీద దాటిపోతూ "బాగుండావా పాపా?" అని పలకరించాడు. పొద్దున బయలుదేరి ఎండ నడినెత్తికి వచ్చాక చేరాను. పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి నా చేతులు పట్టుకుంది. "వస్తావని నాకు తెల్సులే" అంది.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు నేనే ఆ బండి గురించి పాఠం చెప్తున్నాను. స్టీరింగును రెండు చేతులా కావలించుకుని, పెదవి కొరుక్కుంటూ ఆలూరు దారిలో పోయిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. నవ్వూ వస్తుంది, కళ్లూ చెమరుస్తాయి. అంత భయపడుతూ అంత దూరం ఎట్ల పోయినావే తల్లీ అని దాన్ని ఒక్కసారి అడగాలనిపిస్తుంది.