బతికున్న బాపు మీద శోకం

మేం ఐదుగురు స్నేహితులం కలిసి, పాటల ఆల్బమ్ ఒకటి చేసి జానపదాన్ని బతికించడానికి బయలుదేరాం. బతికించమని జానపదం మమ్మల్ని అడిగిన పాపాన పోలేదు. వేములవాడ దగ్గర ఒగ్గు కథ, నిర్మల్ దగ్గర కోలాటం పాటలు రికార్డు చేశాక ఆల్బమ్‌కి ఒక శోకం తక్కువైంది. చచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారే, అది. అందులో మా అవ్వను, అంటే మా అమ్మను, మించినవాళ్లు మా బొగ్గుగని కాలనీలో లేరు. పోయినవాడి తప్పులన్నీ ముందు ఎత్తి తిడుతుంది. కడకు మంచి మాటలు చెప్పి సాగనంపుతుంది. ఆ మంచి మాటలకు పగవాళ్లు కూడా ముక్కు చీదుతారు.

మైకు చూడగానే అవ్వ మొహం మాడ్చుకుంది.

"ఎవలు సచ్చిండ్రని ఏడ్వాలె? పీనుగు లేంది శోకం పెడితే ఇంట్లకు సావును పిలిచినట్టే."

మావాళ్లు సంస్కృతి, వారసత్వం అని ఏదేదో వాగారు. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. అప్పుడు మా నాన్న, బాపు, మంచం మీద వెల్లకిలా పడుకుని, "నేను సచ్చిన అనుకో," అన్నాడు.

"థూ, గదేం మాట," అంది అవ్వ.

"కాలనీల అందరి మీద ఏడిస్తివి. నా వంతు వచ్చెటాలకు నేను ఇననీకి ఉండ. నా మీద ఏం మంచి చెప్తవో ఒక్కసారి ఇననియ్యి."

నవ్వుతూనే అన్నాడు. కానీ కిందటేడు గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి ఈ కోరిక ఆయన్ని లోపల తొలుస్తోందని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ల కాపురంలో అవ్వ ఆయన్ని మెచ్చుకోగా మేమెవరమూ వినలేదు.

అవ్వ కాసేపు ఆయన్నే చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎత్తుకుంది. అబ్బ, ఏం తిట్లవి. నైట్ షిఫ్ట్ అని చెప్పి బాపు పేకాటకు పోవడం, పిల్లలు ఏ తరగతో తెలియకపోవడం, అవ్వ చెల్లెలి పెళ్లిలో తాగి పందిరి గుంజను పట్టుకుని పడుకోవడం, అన్నీ రాగం తప్పకుండా వచ్చాయి. అక్కడ పీనుగు లేచి కూర్చుంది.

"గా పందిరి కాడ పన్నది నేను కాదు, నీ తమ్ముడు."

"సచ్చినోనికి మాటలుండయి, పండుకో," అని అవ్వ మళ్లీ రాగం అందుకుంది. మా డప్పు కొట్టేవాడు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

తిట్లు అయిపోయాయి. ఇక మంచి మాటలు రావాలి. బాపు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అవ్వ రాగం తీసి ఆపేసింది. మళ్లీ తీసింది, మళ్లీ ఆపేసింది. కళ్ల నీళ్లు బియ్యం చేటలో పడ్డాయి.

"ఇగ సాలు. మైకు తియ్యుండ్రి."

బాపు లేచాడు. "గంతేనా? నా మీద ఒక్క మంచి మాట లేదా?"

"ఉన్నయి. గవి చెప్తే నిన్ను సాగనంపినట్టే. నేను చెప్ప."

బాపు తువ్వాలతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టి, చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

శోకాన్ని సగంతోనే ఆల్బమ్‌లో పెట్టాం. బాపు ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాన్ని ఫోన్‌లో వినిపిస్తాడు. మిగతా సగం ఏదని ఎవరైనా అడిగితే, "తొందరేమున్నది," అంటాడు.