ద్వాళి పంతులమ్మ

గూడూరు గ్రంథాలయం ఊడ్చి, పేపర్లు సర్దే ద్వాళికి ముప్పై ఏళ్లు వచ్చేదాకా అక్షరం ముక్క రాదు. పుట్టి పెరిగింది తండాలో. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. చీపురు పక్కన పెట్టి, పేపర్లోని పెద్దక్షరాలు కూడబలుక్కుంటూ తెలుగు చదవడం నేర్చుకుంది. ఇప్పుడు ఆమె చదవని పేజీ లేదు.

మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి, ఊరి చివర గుడిసెలు వేసుకుని ఉండిపోయిన ఆడవాళ్లు ఓ మధ్యాహ్నం ఎండకు ఆగలేక గ్రంథాలయం మెట్లెక్కారు. ద్వాళి మంచినీళ్లిచ్చి లోపల కూర్చోబెట్టింది. వాళ్లలో బుద్రి అనే ఆమె గోడ మీది అక్షరాలను వేలితో దిద్దుతుంటే చూసి, మర్నాడు ద్వాళి ఆమెకో పలక కొనుక్కొచ్చింది. నెల తిరిగేసరికి ఐదుగురు పలకలు పట్టారు.

ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎక్కడివాళ్లో వచ్చి బల్లలన్నీ పట్టుకున్నారనీ, రేపో మాపో పుస్తకాలు మాయమవుతాయనీ అన్నారు. గ్రంథాలయ కమిటీ పెద్ద గట్టయ్య మీటింగు పెట్టి, ఇక వాళ్లను గడప తొక్కనియ్యొద్దని ద్వాళికి చెప్పాడు.

ద్వాళి లేచి నిలబడింది.

"బాపూ, నాక్కూడ చదువు ఈడనే వచ్చింది. తండాదని నన్నెవ్వరు ఎల్లగొట్టలె. వాళ్లు బయటుండాలంటె నేను గూడ బయటనే ఉంట."

గ్రంథాలయ వారోత్సవాల్లో పెట్టే చదువు పోటీకి వాళ్లనూ రానివ్వమని ఆమె అడిగింది. అందాకా వాళ్లను రానిస్తాననీ, ఒక్కరు తప్పుల్లేకుండా చదివినా మళ్లీ అడ్డు చెప్పననీ అన్నాడు గట్టయ్య, ఎలాగూ చదవలేరన్న ధీమాతో.

నవంబరులో పోటీ నాడు హాలు నిండిపోయింది. బుద్రి చేతికి ఆ రోజు పేపరే ఇచ్చారు. చెరువుల్లో చేపపిల్లలు వదిలిన వార్త. నాలుగు వాక్యాలు చదివి, 'మత్స్యశాఖ' దగ్గర ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆ మాట అందిద్దామని ద్వాళికి నోటిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఊరుకుంది. బుద్రి ఊపిరి పీల్చుకుని, ఒక్కో అక్షరం పట్టుకుని గట్టిగా పలికి, వార్త చివరిదాకా చదివేసింది. నవ్విన మూల నుంచే చప్పట్లు మొదలయ్యాయి.

రెండో బహుమతి ఆమెకే వచ్చింది. సర్టిఫికెట్ నింపుతున్న గట్టయ్య, ఊరు పేరు రాసే చోట కలం ఆపి ద్వాళి వైపు చూశాడు.

"గూడూరు అని రాయుర్రి బాపూ."

ఆయన గూడూరు అనే రాశాడు.

ఆ మరుసటి నెల కమిటీయే మధ్యాహ్నం బడి తీర్మానించి, ద్వాళిని పంతులమ్మను చేసింది. మొదటి రోజు ఇరవై మంది వచ్చారు. అందులో సగం మంది గూడూరు ఆడవాళ్లే. ముందు వరసలో బుద్రి పక్కనే కూర్చున్న గట్టయ్య భార్య మణెమ్మ, తన పేరెట్లా రాయాలో ముందుగా చూపించమంది.