కాలువ మీద తూనీగ

మా కొండవాగు మీద నల్లరెక్కల తూనీగ ఒకటి తిరుగుతుంది. అది గుడ్లు పెట్టే నీళ్లు భయం లేకుండా తాగొచ్చని నాకు మొదట చెప్పింది మా మేనత్త.

తొంభైల్లో పటాన్‌చెరు దగ్గర మా బస్సు ఆగిపోయింది. దాహంతో నా చంటిపాప ఏడవడం కూడా మానేసింది. ఫ్యాక్టరీ వెనక కాలువ మీద ఎర్ర తూనీగ తోక ముంచుతోంది. రంగు వేరైనా తూనీగే కదా, దేవుడే చూపించాడనుకున్నాను. దోసిట్లో నీళ్లు పాప నోటిదాకా తెచ్చాను. గడ్డి కోస్తున్న ఒకామె ఉరికొచ్చి నా చేతుల మీద కొట్టింది.

"ఏందమ్మా గిట్ల జేస్తున్నవ్? అవి కంపెనీ నీళ్లు. మా బర్లు గూడ ముట్టయి."

"తూనీగ గుడ్లు పెడుతోంది కదక్కా?"

"దానికేం ఎరుక? మెరిస్తే సాలు, నూనె మీద గూడ పెడ్తది."

తన సీసాలో నీళ్లు పాపకు తాగించింది. అప్పటికి ఆ కాలువ నీళ్లు తగిలిన నా అరచేతులు మండుతున్నాయి. పేరడిగితే, పక్కూరు ఇంద్రేశం ఎల్లమ్మనంది.

మీరు దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలచుకోండి.