గంగమ్మకు చూపించని పడవ

చెప్పేవాడి మెడలో రుద్రాక్షలు కనబడ్డాయని, మాట సగంలో ఉండగానే మీరెన్నిసార్లు నవ్వి లేచిపోయారు? లెక్క చెప్పమని నిలదీయను. నా లెక్కే నా దగ్గర లేదు. అలా నవ్వినందుకు ఒక పెద్దమనిషిని, చేతిలో గాలపు కర్రతో సహా, నిదానంగా, మర్యాదగా చెరువులో ముంచిన ఘనత మాత్రం నాకుంది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. ముందే ఒక హెచ్చరిక. ఈ కథలో దుర్మార్గుడు చాలా తెలివైనవాడు. కాస్త తక్కువ తెలివి ఉన్నవాడైతే ఇంత నష్టం జరిగేది కాదు.

నేను హేతువాదిని. తెనాలి దగ్గర మా ఊళ్ళో, కాలేజీ రోజుల్లోనే, ఒక వాస్తు పండితుడితో వేదికెక్కి వాదించి ఆయన మంచినీళ్ళు అడిగేదాకా వదలనివాణ్ణి. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకున్నాను, అదీ కోరి అమావాస్య నాడు. మాదాపూర్‌లో మా ఆఫీసులో సర్వర్ గది గుమ్మానికి ఎవరో నిమ్మకాయ కడితే, దాన్ని తెంపి అందరి ముందూ మజ్జిగలో పిండుకుని తాగాను. అదే ఆఫీసులో శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్ వాడుకలోకి వదలకూడదనే నియమానికి మాత్రం నేనే కాపలా. అదేమిటని అడిగితే అనుభవం అంటాను. ఎదుటివాళ్ళవి నమ్మకాలు, మనవి అనుభవాలు. ఇక నా ఉద్యోగం, సాఫ్ట్‌వేర్‌ను జనం చేతికి ఇవ్వకముందు పరీక్షించి చూడటం. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, నా పరువు తీయడానికి పనికొస్తుంది.

నా భార్య కవిత తండ్రి, అంటే మా మామయ్యగారు, నాకు సరిగ్గా ఎదురు. రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. హఫీజ్‌పేట్ రైల్వే స్టేషను అవతల కాలనీలో ఇల్లు. మంగళవారం గడ్డం గీయరు, ఎదురుగా పిల్లి వస్తే స్కూటర్ ఆపి పిల్లికే దారి ఇస్తారు. ఆదివారం మేం వెళ్ళామంటే మటన్ కూర తిన్నాక ఆయనకూ నాకూ యుద్ధం. ఆయన గొంతు పెంచేవారు, నేను ఉదాహరణలు పెంచేవాణ్ణి. అత్తయ్యగారు టీవీ శబ్దం పెంచేవారు. నిజం చెప్పాలంటే ఇద్దరం ఆ ఆదివారం కోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం.

ఇలా ఉండగా నా బామ్మర్ది శ్రీశైలం ఒక కయాక్ కొన్నాడు. ఒక మనిషి కూర్చుని తెడ్డుతో నడుపుకునే ప్లాస్టిక్ పడవ అది. లోపలంతా డొల్ల, పసుపు రంగు, చూడ్డానికి బాగా మాగిన అరటిపండులా ఉండేది. రాయదుర్గంలో వాడి ఆఫీసులో ఒక గుంపు ఉంది. వారమంతా గాజు గదుల్లో కూర్చుని, ఆదివారం చెరువుల మీద పడుతుంది.

మామయ్యగారు ఆ పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, దాని వీపు నిమిరారు. చిన్నప్పుడు ఆయన ఊరి చెరువులో తెప్ప మీద కూర్చుని చేపలు పట్టారు. ఆ చెరువు సగం ఇప్పుడు మా ఆఫీసుల పార్కింగు కింద ఉంది. నెలాఖరుకు ఆయన రెండు మోకాళ్ళకూ ఆపరేషను ఖాయమైంది. తర్వాత అంత కింద కాళ్ళు చాపుకుని కూర్చోవడం, లేవడం ఇక మరిచిపోవాల్సిందేనని డాక్టరు ముందే చెప్పారు.

"ఒక్కపారి నడిచెరువుల కూసోని గాలమెయ్యాలె రా శ్రీశైలం. మోకాళ్ళు కోసినంక ఇగ అయ్యేది లేదు" అన్నారాయన. ఏదైనా కావాలని ఆయన నోరు తెరిచి అడగగా నేను వినడం అదే మొదలు.

చిక్కల్లా ఒకటే. ఆయన కుడిచేయి వణుకుతుంది, కర్రను ఎక్కువసేపు పట్టుకోలేరు. పడవకే కర్రను నిలబెట్టే హోల్డర్లు బిగించాలి. ఆ పని నేను చూసుకుంటానన్నాను. ఎవరూ అడగలేదు. దేశంలో చాలా ప్రమాదాలు ఇలా ఎవరూ అడగని చోటే మొదలవుతాయి.

హోల్డర్లలో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పడవ అంచుకు పట్టీతో బిగించుకునేది, నచ్చకపోతే విప్పి ఇంకోచోట పెట్టుకోవచ్చు. రెండోది పడవ ఒంటికి పెద్ద రంధ్రం చేసి అందులోకి దించే గొట్టం. ఇక అది అక్కడే. శ్రీశైలం పట్టీది చాలన్నాడు. నేను వాడికి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. విప్పుకునే సౌకర్యం కోరుకునేవాడికి తన నిర్ణయం మీద తనకే నమ్మకం లేనట్టని, సరిగ్గా ఆలోచించినవాడికి రెండో చోటుతో పని ఉండదని చెప్పాను. వాడు ఆవలించి, "నీ ఇష్టం బావ, పడవ మాత్రం నాది, యాదుంచుకో" అన్నాడు. దాన్ని నేను అంగీకారంగా నమోదు చేసుకున్నాను.

గొట్టాల్లో మళ్ళీ రెండు రకాలు. అడుగు మూసి ఉన్నవి, తెరిచి ఉన్నవి. నేను తెరిచి ఉన్నవి తెప్పించాను. నా తర్కం వినండి, ముచ్చటగా ఉంటుంది. అడుగు మూసి ఉంటే గొట్టంలో నీళ్ళు నిలిచిపోతాయి. తెరిచి ఉంటే వచ్చిన నీళ్ళు వచ్చినట్టే కిందికి పోతాయి. కిందికి అంటే ఎక్కడికి? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. ప్రపంచంలో ప్రతివాడినీ ప్రశ్నించి అలసిపోయి ఉంటాను.

పని మొదలుపెట్టేముందు మామయ్యగారికి ఫోన్ చేసి, రేపు బొక్కలు పెడుతున్నానండీ అన్నాను. ఆయన భయంభయంగా, ఎవరివి అని అడిగారు. మా వైపు బొక్క అంటే రంధ్రం, వాళ్ళ వైపు బొక్క అంటే ఎముక అన్న సంగతి పెళ్ళయి ఇన్నేళ్ళైనా నాకు సమయానికి గుర్తురాదు. పడవకండీ అని సర్దిచెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకుని వరసపెట్టి జాగ్రత్తలు చెప్పారు. మంగళవారం ఇనుప సామాను ముట్టొద్దన్నారు. పడవ ముక్కు తూర్పుకు పెట్టమన్నారు. కొబ్బరికాయ కొట్టమన్నారు. చివరికి గొంతు కాస్త తగ్గించి, "ఇంకొక్కటి అల్లుడు. గంగమ్మకు చూపెట్టకుండ మాత్రం బెజ్జం కొట్టకు" అన్నారు.

నాకు పండగైంది. మామయ్యగారూ, గంగమ్మకు చూపిస్తే ఏం చేస్తుందండీ, అనుమతి పత్రం మీద సంతకం పెడుతుందా అన్నాను. ఆయన ఏదో చెప్పబోయారు. నేను అందుకుని నదుల పూజ గురించి, భయం గురించి, మనుషుల భయాన్ని సొమ్ము చేసుకున్నవాళ్ళ గురించి మాట్లాడాను. చాలా బాగా మాట్లాడాను. కవిత వంటింట్లోంచి వచ్చి, ఆయన ఫోన్ పెట్టేసి చాలాసేపైందని చెప్పింది.

మర్నాడు మంగళవారమే. ఇంకేం కావాలి? కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పడవ ముక్కు పట్టుబట్టి పడమటికి తిప్పి, పాత బొంతల మీద పెట్టాను. ఎక్కి కూర్చుని, గాలిలో తెడ్డు వేసి, కార్ల మధ్య కాల్పనిక చేపలు పట్టాను. మామయ్యగారు వెనక్కి తిరగకుండానే చేయి అందేలా సీటు పక్కన, బాగా కిందుగా గుర్తు పెట్టాను. డ్రిల్లు పెట్టి కోశాను. గుండ్రటి పసుపు బిళ్ళలు రెండు రాలిపడ్డాయి. గొట్టాలు దించి, చుట్టూ రబ్బరు జిగురు పూసి, స్క్రూలు బిగించాను. కవిత వచ్చి చూసి, "ఇది నీళ్ళల్ల ఎంతదాంక మునుగుతదో చూసినవా? నాయిన నీ అంత బక్కగ లేడు" అంది. పడవలు తేలడానికే పుట్టాయని చెప్పి పంపేశాను.

ఆ ఆదివారం పొద్దున్నే ఊరి అవతల ఒక చెరువుకు వెళ్ళాం. అక్కడి చేపల సంఘం పెద్దమనిషిని శ్రీశైలం ముందే అడిగి ఒప్పించాడు. మామయ్యగారికి లైఫ్ జాకెట్ తొడిగి, ఇద్దరం చెరో రెక్క పట్టుకుని పడవలో కూర్చోబెట్టాం. శ్రీశైలం పడవకు తాడు కట్టి, నడుము లోతు నీళ్ళలో నడుస్తూ కొంత దూరం తీసుకెళ్ళాడు. అక్కడ అలవాటు పడ్డాక నడిచెరువుకు వెళ్దామని ఏర్పాటు. నేను గట్టు మీద నిలబడి ఫొటోలు తీస్తున్నాను.

మామయ్యగారు గాలం విసిరారు. వణికే చేయి ఆ క్షణంలో వణకలేదు. కర్రను నా గొట్టంలో నిలబెట్టారు. అది ధ్వజస్తంభంలా నిలబడింది. నేను గట్టు మీదినుంచి, చూశారా మామయ్యగారూ, మంగళవారమే చేశానండీ అని అరిచాను. ఆయన చేయి ఊపారు. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆ వెలుగు చూసి నేను హేతువాదాన్ని అభినందించుకున్నాను.

అప్పుడు గుటగుటమని చప్పుడు మొదలైంది. ఎవరో పెద్ద చెంబుతో మజ్జిగ తాగుతున్నట్టుంది. పడవ వెనక భాగం కొంచెం కిందికి దిగింది. దాంతో దారం బిగిసి కర్ర వంగింది.

"శ్రీశైలం, పెద్దది పడ్డట్టున్నది రా. గుంజుతున్నది" అన్నారు మామయ్యగారు.

"ఎంత పెద్దది నాయినా?"

"పడవనే గుంజుతున్నది."

నేను ఆ చేప బరువును అంచనా వేస్తూ ఫొటోలు తీస్తూనే ఉన్నాను. ఆయన రెండు చేతులా కర్ర పట్టుకుని, పళ్ళు బిగించి, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. నీళ్ళు కూర్చున్న ఆయన నడుము దాటాయి. నీళ్ళ మట్టం కిందే నోరు తెరుచుకుని ఉన్న నా గొట్టాలు, వచ్చిన నీళ్ళను వచ్చినట్టే పడవ కడుపులోకి పంపిస్తున్నాయి. అప్పుడాయన నవ్వు ఆపి, పక్కకు చూసి, మెల్లగా అన్నారు.

"అల్లుడు, ఇది చేప గాదు. మనం దిగిపోతున్నం."

పడవ వెనక్కి కూలబడింది. ముక్కు ఆకాశంలోకి లేచింది. మామయ్యగారు అలాగే కూర్చున్న భంగిమలో నీళ్ళలోకి జారారు. శ్రీశైలం ఆయన చంకల కింద చేతులు వేసి లేవనెత్తాడు. ప్రాణభయం లేదు, లోతూ లేదు. కానీ ఆ బురదలో, ఆ మోకాళ్ళతో, గట్టు దాకా ఆయన వేసిన ప్రతి అడుగూ నేను చూశాను. అప్పటికి ఫొటోలు తీయడం ఆపేశాను.

గట్టు మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాక, ఆయన నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. శ్రీశైలం పడవను బోర్లించి నీళ్ళు వంచుతున్నాడు, నా వైపు చూడకుండా. ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్న అప్పుడడిగాను. గంగమ్మకు చూపించడం అంటే ఏమిటండీ?

"ఏముంటది అల్లుడు" అన్నారు మామయ్యగారు. "కొత్త పడవను నీళ్ళల్ల దించుతం. కూసునే మనిషినే కూసోబెడుతం. గంగమ్మ ఎక్కడిదాంక ఒస్తదో చూసి బొగ్గుతోని గీత కొడుతం. గా గీత కింద ఎవ్వరూ బెజ్జం కొట్టొద్దు. గంతే."

తువ్వాలు అంచుతో తల తుడుచుకుంటూ, "అడిగితే చెప్తుంటి గద" అన్నారు.

నా ఉద్యోగం ఏమిటో మీకు గుర్తుందనుకుంటాను. వాడుకలోకి వదలకముందు, వాడే మనిషితోనే, వాడే చోటే పరీక్షించి చూడాలని నేను కొత్తగా చేరిన పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆయన చెప్పింది అక్షరాలా అదే. మధ్యలో ఒక దేవత పేరు వచ్చింది కాబట్టి నాకు వినబడలేదు. ఎందుకు అని అడగడమే హేతువాదం అంటారు. నేను చేసింది వాసన చూసి పళ్ళెం తోసేయడం. దానికి అంత చదువు అక్కర్లేదు.

ఆపరేషను అయింది. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, నడుస్తున్నారు. కయాక్ రంధ్రాలకు ప్లాస్టిక్ కరిగించి అతికించాం, అది కూడా తేలుతోంది. అంత కింద ఉండే సీటులో ఆయన మాత్రం ఇక కూర్చోలేరు. శ్రీశైలం నీళ్ళ మీదికి వెళితే ఆయన గట్టున కుర్చీ వేసుకుని చూస్తుంటారు. నడిచెరువు ఆయనకు అందలేదు. ఇంకోసారి వెళ్దాం లెండి అని చెప్పే దారి కూడా నేను మిగల్చలేదు.

అంతకన్నా బాధ ఇంకొకటి ఉంది. ఆయన వాదించడం మానేశారు. ఆదివారం నేను ఏది మాట్లాడినా, "నువ్వు చదువుకున్నోనివి, అట్లనే ఉంటది తీ" అనేవారు. అందులో ఎగతాళి ఉంటే సంతోషించేవాణ్ణి. లేదు. నెలల తరబడి గెలుస్తూనే ఉన్నాను, ఇంత అవమానకరంగా ఎప్పుడూ గెలవలేదు.

మొన్న ఒక సాయంత్రం పక్కింటావిడ ఉప్పు బదులడిగితే, దీపాలు పెట్టాక ఉప్పు ఇవ్వకూడదన్నారు మామయ్యగారు. నేను చేతులు కట్టుకుని, శిష్యుడిలా, ఎందుకండీ అని అడిగాను. తడిగాలికి ఉప్పు చెమ్మగిల్లుతుందంటారో, ఇంకేదైనా గొప్ప రహస్యం విప్పుతారో అని ఊపిరి బిగబట్టాను. ఆయన చాలాసేపు ఆలోచించారు.

"ఏమో. మా అమ్మ ఇయ్యకపోతుండె. నేనియ్య" అన్నారు.

ప్రాణం లేచొచ్చింది. అది కల్తీ లేని మూఢనమ్మకం. గంటసేపు వాదించాను. పది నిమిషాలయ్యేసరికి ఆయన గొంతు కూడా లేచింది. అత్తయ్యగారు టీవీ శబ్దం పెంచారు. పక్కింటావిడ ఉప్పు లేకుండానే వెళ్ళిపోయింది.

కాబట్టి, రాజ్యాంగం సాక్షిగా, నా మంగళవారపు డ్రిల్లు సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎదుటివాడి వాక్యం పూర్తికాకముందే ఇకపై నా ఉపన్యాసం మొదలుపెట్టను. జవాబు వినకుండా ఏ పడవకూ, ఏ పెద్దమనిషి కోరికకూ రంధ్రం చేయను.

నా ప్రతిజ్ఞతో మీకు పని లేదు. మీరు నవ్వి లేచిపోయిన మనిషి ఒకరు మీ ఇంట్లోనే ఉన్నారు. ఈ కాగితం పక్కన పెట్టి, ఇప్పుడే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఎందుకు అని అడగండి. అడిగాక నోరు మూసుకుని వినండి.