బాద్‌షా పక్కన నా కుర్చీ

ఇప్పటిదాక ఎవ్వరితోటి నోరు తెరిచి అనలేదు గానీ, నాకు నోటేషన్, అంటే కాగితం మీద రాసిన సంగీతం, చదవరాదు. ఒక్క ముక్క రాదు. నా ముందట స్టాండు మీద ఉండే ఆ కాగితాలు నాకు చీమలు బారుకట్టి పోతున్నట్టే కనపడతయి.

గిట్లాంటి నేను స్ట్రింగ్ క్వార్టెట్‌ల చెల్లో వాయిస్తున్న! రెండు వయొలిన్లు, వయొలిన్‌కు అక్కలాంటి వయోలా ఒకటి, నేను. చెల్లో అంటే, మోకాళ్ల నడుమ నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ అనుకోండి. యూట్యూబ్ చూసి నేర్చుకున్న. ఆడిషన్ నాడు కాగితం దిక్కు చూడకుండనే వాయించిన. మా లీడర్ రాధికక్క "వావ్, బై హార్టా!" అని మురిసింది. మరి కాగితం చూస్తే ఏమొస్తది నాకు?

రికార్డింగులు విని విని కంఠస్థం చేస్త. ఎక్కడ మొదలువెట్టాల్నో మాత్రం పక్కన కూసొని వయోలా వాయించే ఇమ్రాన్ భాయ్ గడ్డం చెప్తది. గడ్డం కిందికి దిగంగనే నేను విల్లు లాగుత. ఆయన పేజీ తిప్పితే నేనూ తిప్పుత. పాపం, ఆయనకు గూడ తెల్వదు. దొరికిపోతే గ్రూపుల నుంచి పోత. మళ్ల జల్‌పల్లిల మా రేకుల గదిల కూసొని గోడకు వాయించుడే.

మా గ్రూపుకు ఆడిటోరియాలు పడవు. "జనం మన దగ్గరికి రారు, మనమే జనంల కూసోవాలె" అంటది రాధికక్క. లాడ్ బజార్ల గాజుల దుకాణం ముందట వాయించినం. మా కచేరి అయిపోయింది గానీ, ఒకామె బేరం తెగలే.

మొన్న ఆదివారం పాతబస్తీలనే మల్లేశన్న పాల డెయిరీల ప్రోగ్రాం. దిగంగనే రాధికక్కకు కొత్త ఐడియా.

"ఇయ్యాల నలుగురం నాలుగు మూలలకు కూసుందాం. జనం నడుమల. సరౌండ్ సౌండ్!"

నేను కుర్చీని ఇమ్రాన్ భాయ్ దిక్కు జరిపిన. "అక్కా, నేను ఇమ్రాన్ భాయ్ పక్కన కూసుంట. ధైర్యంగ ఉంటది."

"ఏం, భాయ్ ఏమన్న తాయత్తా?"

"కుర్సీ పట్కొని పో అమ్మా, ఖాలీపీలీ ఫికర్ చేస్తవ్" అన్నడు తాయత్తు.

నా మూలకు ఆల్రెడీ ఒకాయన ఉన్నడు. బాద్‌షా. మల్లేశన్న దున్నపోతు. నూనె రాసి నిగనిగలాడుతున్నది ఒళ్లు, మెడల గవ్వల పట్టీ. దీపావళి అయినంక సదర్‌ల దున్నలను ముస్తాబు చేసి ఊరేగించి, డప్పు దరువుకు ముందటి కాళ్లెత్తి నిలబెడతరు గద, అండ్ల ఈయన పెద్ద స్టార్.

"భయపడకు చెల్లె, మస్తు శరీఫ్" అన్నడు మల్లేశన్న. "దరువు ఇనపడకుంటే పసిపిల్లగాడే."

నేను "పసిపిల్లగాడు" ఒక్కటే ఇన్న.

మొదటి భాగం బాగనే నడిచింది. రెండోదాంట్ల అందరూ ఆపుతరు, చెల్లో ఒక్కటే అందుకోవాలె. ఆపిన్రు. ఇమ్రాన్ భాయ్ దిక్కు చూసిన. ఆయన ముందట ఒకామె చంకల పిల్లగాని ఏసుకొని నిలవడ్డది. గడ్డం లేదు! రాధికక్క ఆ మూల నుంచి కనుబొమ్మలు ఎగరేస్తున్నది.

"ఏమాయె బిడ్డా, కరెంటు పోయిందా?" అన్నది ముందట కూసున్న ముసలమ్మ.

అందరూ ఒక్కటే నవ్వుడు. కాగితం చూసిన. చీమలు. ఇగ చేతులు వాటి సోయిల అవి లేవు. పుట్టినకాన్నుంచి చూసిన బరాత్‌లన్ని వాటికి యాదికొచ్చినట్టున్నయి. అరచేతులతోటి చెల్లో పొట్ట మీద తీన్‌మార్ దరువు అందుకున్న!

వెనుక పెద్ద బుస. నా మీద నీడ వడ్డది. ముసలమ్మ నోరు తెరిచింది, మూస్తలేదు. తిరిగి చూస్తే బాద్‌షా రెండు కాళ్ల మీద నిలవడ్డడు.

"చెల్లె, ఆపకు!" మల్లేశన్న ఒర్లుతున్నడు. "ఆపితే దిగుతడు! నీ మీదనే దిగుతడు!"

ఇగ చూడుండ్రి! ఒక దిక్కు దరువు ఏసుకుంట, ఇంకో దిక్కు కుర్చీని మడిమలతోటి పక్కకు గుంజుకుంట, చెల్లోతోటి పీత లెక్క పాకిన. పోరగాళ్లు లేచి స్టెప్పులు! రాధికక్క వయొలిన్ తోటి అందుకున్నది, ఇమ్రాన్ భాయ్ తీగలు మీటుతున్నడు. నేను ఇవతల వడ్డంక మల్లేశన్న పగ్గం గుంజి "బస్ రా బిడ్డా" అన్నడు. దిగిండు. సక్కగ నా స్టాండు మీద. వంగి నా కాగితాలు నమిలి మింగిండు. మా క్వార్టెట్‌ల నా పార్టును పూర్తిగ జీర్ణం చేసుకున్నోడు ఆయన ఒక్కడే.

నా పని అయిపోయింది అనుకున్న. రాధికక్క ఉరికొచ్చి గట్టిగ పట్టుకున్నది. "ఏం ఇంప్రొవైజేషన్ ఏ! ముందే ప్లాన్ చేసినవా? చెప్పొద్దా?"

నవ్విన. ఏం చేస్త మరి!

ఇయ్యాల రాధికక్క వాట్సాప్ మెసేజ్: "నయాపూల్ ప్రోగ్రాం నీ తీన్‌మార్‌తోనే మొదలు. నలుగురి పార్ట్‌లు నోటేషన్‌ల రాసి పంపు. నీకెంతసేపు!"

కాగితం ముందట పెట్టుకొని, నోటేషన్ రాసే ఐదు గీతలు గీసిన. మస్తు సక్కగొచ్చినయి. ఆడికే ఆగిన. చెయ్యి బెణికిందని చెప్దామంటే వాయించుడు గూడ బంద్ చేపిస్తది. నిజం మెసేజ్ పెడ్దామని టైప్ చేసి తుడిచిన. జోక్ అనుకొని నవ్వే బొమ్మ పంపుతది.

లేదు, ఫోనే చేస్త. తిడితే తిట్టనీ, తీసేస్తే తీసెయ్యనీ. అయితే తిట్టుడు షురూ కాకముందే ఒక్క ముచ్చట అడుగుత: "అక్కా, ఈ ఐదు గీతలల్ల 'స' యాడుంటది?"