దేవకుమార్ చెప్పని డైలాగు

మా పక్క గది దేవకుమార్ గారికి డైలాగు దొరికింది! పదిహేనేళ్లు పటాలంలో హవల్దారు వరకూ చేసి, రిటైరై కృష్ణానగర్ చేరి, నాలుగేళ్లుగా సినిమా గుంపుల్లో వెనకాల నిలబడుతున్న మనిషికి డైలాగు! ఒక్కటే మాట, "కాల్చండి!" అయితేనేం, ఆయన భార్య కృపమ్మ వీధి వీధంతా చాటేసింది. 1987లో మా వీధికి అంతకన్నా పెద్ద వార్త లేదు.

సైనికుల వేషాలు వేసే పదహారు మంది జూనియర్ ఆర్టిస్టులకి కవాతు నేర్పే పనీ ఆయనకే అప్పగించారు. తుపాకీ ఎత్తడం, దించడం అంటూ వారం రోజులు షేక్‌పేట బండల మీద వాళ్ల తాట తీశారు. చివరికి ఆయన గొంతు వినబడితే చాలు, ఆలోచించకుండా చేసేసేవారు.

అదే సినిమాలో నాది శత్రు సైనికుడి వేషం. షూటింగు రోజున గుట్ట మీద దర్శకుడు త్రినాథరావు గారికి కొత్త ఆలోచన తట్టింది. ఆయన చెప్పినట్టే మేం పదిమందిమీ తుపాకులు పారేసి చేతులెత్తాం. దేవకుమార్ గారి మొహం మారిపోయింది.

"లొంగిపోయారు కదండీ. మరి కాల్చడమేంటండీ?"

"హీరో తమ్ముణ్ణి చంపినవాళ్లయ్యా! హాలు దద్దరిల్లాలి. యాక్షన్!"

పదహారు తుపాకులు మా మీదకి లేచాయి. ఉత్తుత్తివని తెలిసినా ఓ అడుగు వెనక్కి వేశాను. దేవకుమార్ గారు ఛాతీ విరిచి, గుట్ట అదిరేలా అరిచారు:

"తుపాకులు దించండి!"

పదహారు తుపాకులూ ఒక్కసారిగా దిగాయి! నాకైతే ఈల వేయాలనిపించింది. త్రినాథరావు గారు కుర్చీ తన్నేశారు.

"పిచ్చా నీకు? ఇది సినిమా!"

"తెలుసండీ. డెబ్భై ఒకటి యుద్ధంలో చేతులెత్తినవాళ్లకి మా సుబేదారు ముందు మంచినీళ్లు ఇప్పించాడు. ఈ బట్టలేసుకుని ఆ మాట అనలేనండీ. ఇంకేదైనా ఇవ్వండి, చెబుతాను."

"ఇంకేం లేదు. వెళ్లు!"

దేవకుమార్ గారు యూనిఫారం విప్పి, మడతపెట్టి ఇచ్చి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు. ఆ మాట వేరేవాడు చెప్పాడు, మేం చచ్చాం. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆయన వెనకాలే వెళ్లని నా మీద.

కృపమ్మ మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. సినిమా వచ్చాక అందరం కలిసే వెళ్లాం. తెర మీద ఎవడో "కాల్చండి!" అన్నాడు. హాలంతా ఈలలు. చేతులెత్తిన మేం వరసగా కూలిపోయాం. భయపడుతూనే కృపమ్మ వైపు చూశాను. ఆవిడ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దేవుడి దయ," అంది. "అక్కడ మీరు లేరు."