కరెంటు రాగానే

జయప్రకాశ్ మీద నాకు ఇప్పటికీ కోపమే. కోపం కన్నా బాధ ఎక్కువ. ఖమ్మంలో ఇద్దరం ఒకే ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాం. నాది లెక్కలు, అతనిది ఎలక్ట్రానిక్స్. పెనుబల్లి దగ్గర రైతుల ఇంట పుట్టినవాడు.

గోరంత చిప్పు మీద వేల సూదిమొనలు నిలబెట్టి, గాలి తోడేసిన స్టీలు డబ్బాలో ఉంచి వోల్టేజీ పెడితే, వేడి చేయకుండానే ఆ మొనల నుంచి ఎలక్ట్రాన్లు దూకాలి. రాడార్లకు, ఉపగ్రహాలకు పనికొస్తుందట. ఏళ్ల తరబడి దాని వెంటే పడ్డాడు. చిప్పు తర్వాత చిప్పు పాడైంది. "ఏంది సార్, కాపురమంతా ఆ డబ్బాతోనేనా?" అని ఏడిపించేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు.

ఆ సోమవారం ప్రాజెక్టుకు డబ్బిచ్చే ఢిల్లీ వాళ్లు వస్తున్నారు. చిప్పు పనిచేయడం వాళ్లు కళ్లారా చూస్తేనే ప్రాజెక్టు నిలుస్తుంది. సరిగ్గా దాని ముందు శని, ఆదివారాలకే మేనేజ్‌మెంటు అతన్ని భద్రాచలంలో పరీక్షల డ్యూటీకి వేసింది. వాళ్ల బుద్ధికి దండం పెట్టాలి!

శుక్రవారం సాయంత్రం చిప్పు పనిచేసింది, మీటరు ముల్లు లేచింది. గదిలో అతనొక్కడే. సోమవారం దాకా ఆగకుండా నడవాలి, మధ్యలో కరెంటు పోతే ఎట్లా? పొలం మోటార్లకు పెట్టే ఆటో స్టార్టరు తెచ్చి, గాలి తోడే పంపుకీ వోల్టేజీకీ కలిపి బిగించాడు. కరెంటు రాగానే రెండూ వాటంతటవే మొదలవుతాయి. వచ్చిన కరెంటు క్షణం కూడా వృథా కాకూడదన్నది వాళ్లింట్లో చిన్నప్పటి నుంచీ నేర్చిన పాఠం. గదికి తాళం వేసుకుని తెల్లారే బస్సెక్కాడు.

మధ్యాహ్నం ఖమ్మంలో గాలివాన. భద్రాచలం పక్కనున్న సారపాక నుంచి నాకు ఫోన్ చేశాడు.

"సాకిబ్ భాయ్, కాలేజీలో కరెంటుందా?"

"ఇందాక పోయింది సార్. ఇప్పుడే వచ్చింది."

"హమ్మయ్య! ఇంక ఫికర్ లేదు."

పిచ్చి మనిషి! పంపు ఆగినంతసేపు డబ్బాలోకి గాలి చేరింది. దాన్ని తోడెయ్యడానికి గంటలు పడుతుంది. వోల్టేజీ మాత్రం వెంటనే ఎక్కేసింది. లోపల మెరుపులు లేచి మొనలన్నీ పేలిపోయాయి.

సోమవారం మైక్రోస్కోపులో చూస్తే మొనల చోట గుంటలు. ఢిల్లీ వాళ్లు మర్యాదగా టీ తాగి వెళ్లారు. ప్రాజెక్టు మూతపడింది.

మొన్న నా పీరియడ్ కోసం తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల సాయిప్రియ అనే విద్యార్థిని జయప్రకాశ్‌ని అడుగుతోంది.

"సార్, మీరు చేసింది నిజంగా పనిచేసిందా?"

"అవ్ తల్లీ. నేను చూసిన."

"ఇంకెవరు చూసిండ్రు సార్?"

నేనూ చూశానని అబద్ధం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అతను నా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఎవ్వరూ లేరమ్మా" అన్నాడు.